తోడల్లుడి ముందు మునగాలా, తేలాలా?

ఈసారి ఉత్తరం రాసినాయనకి 41 ఏళ్ళు. పేరు వేయొద్దన్నారు. ఇంట్లో భార్య, పదకొండేళ్ళ పాప. రెండు నెలల తర్వాత అత్తగారి వైపు వాళ్ళంతా కలిసి సముద్రతీరానికి సెలవులకి వెళ్తున్నారు. అందులో ఒక రోజంతా దీవుల బోటు ట్రిప్. పొద్దున్నే బోటెక్కి, గైడుతో మూడు నాలుగు దీవులు చుట్టి, మధ్యలో రెండు చోట్ల స్నార్కెలింగ్ (కళ్ళకి మాస్క్, నోట్లో ఊపిరి గొట్టం పెట్టుకుని నీటి మీద తేలుతూ కింద చేపల్ని చూడడం) చేసి, సాయంత్రానికి ఒడ్డుకి రావడం. బుక్ చేసింది ఈయన తోడల్లుడు. "ఆయన బాగా ఈదుతారు. ఆ సంగతి ఎవరూ మరిచిపోకుండా కూడా ఆయనే చూసుకుంటారు" అని రాశారు. ఆ వాక్యం దగ్గర నాకు నవ్వొచ్చింది.

ఈయనకి ఈత రాదు. రాకపోవడమే కాదు, నీళ్ళంటే భయం. తొమ్మిదేళ్ళప్పుడు పెద్దపిల్లలు సరదాగా చెరువులోకి తోసేస్తే, ఎవరో జుట్టు పట్టుకుని పైకి లాగారు. ఇప్పటికీ షవర్ కింద ముఖం పైకెత్తి నిలబడలేరట. ఈ సంగతి భార్యకి తప్ప ఎవరికీ తెలియదు. ఎప్పుడో మాటల్లో, అక్కడితో తప్పించుకోవడానికి "నాకూ వచ్చులే" అనేశారు. పాప ఆ మాట పట్టుకుంది. స్కూల్లో తను ఈత నేర్చుకుంది కూడా. ఇప్పుడు పెద్దమ్మ కొడుకుతో ఫోన్లో "నేనూ నాన్నా కలిసి దిగుతాం, నువ్వూ పెదనాన్నా దిగండి, ఎవరికి ఎక్కువ చేపలు కనపడతాయో చూద్దాం" అని రోజూ పందేలు వేస్తోంది.

ఇక మామగారు. 67 ఏళ్ళు, బీపీ మాత్రలు, మూడేళ్ళ కిందట గుండెకి స్టెంట్ వేశారు. "చిన్నప్పుడు బావుల్లో దూకినవాణ్ణి, నాకు లైఫ్ జాకెట్టేమిటి" అంటున్నారు. ఎవరూ ఎదురు చెప్పడం లేదు. 

ట్రిప్ రోజు పొద్దున కడుపునొప్పి అని చెప్పి రూంలో పడుకుందామన్నది ఈయన ఆలోచన. "చెప్పేయండి, ఏమైపోతుంది" అన్నది భార్య మాట. ఈత రానివాడు ఇలాంటి ట్రిప్‌కి వెళ్ళొచ్చా, వెళ్తే నీళ్ళలో దిగొచ్చా, పరువు పోకుండా ఎలా బయటపడాలి, మామగారికి ఎవరు చెప్పాలి అని అడిగారు. చివర్లో కొసరుగా ఇంకోటి: "నాకు మైనస్ మూడు కళ్ళద్దాలు. మీసం కూడా ఉంది. దిగినా ఏమైనా కనిపిస్తుందా?"

సమాధానం:

మీ కుటుంబం మొత్తంలో భయపడుతున్నది మీరొక్కరే. అయితే ఉత్తరం చదువుతున్నంతసేపూ నాకు గుబులు పుట్టింది మీ గురించి కాదు, మీ మామగారి గురించి. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు మీ సంగతి చూద్దాం.

ఈత రానివాళ్ళు ఇలాంటి ట్రిప్పులకి వెళ్తారా అంటే, చాలామందే వెళ్తారు. గైడ్లకి ఇది కొత్తేమీ కాదు. స్నార్కెలింగ్‌లో ఈదడం తక్కువ, నీటి మీద బోర్లా తేలుతూ కిందకి చూడడం ఎక్కువ. సముద్రపు నీటిలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది కాబట్టి చెరువు నీళ్ళకంటే అది మనిషిని కాస్త బాగానే తేలుస్తుంది. పైగా ఒంటిమీద లైఫ్ జాకెట్ ఉంటుంది. సరిగ్గా కట్టుకున్న జాకెట్‌తో రాయిలా మునిగిపోవడం జరగదు. మీ కళ్ళ ముందు ఆడుతున్న ఆ చెరువు దృశ్యం, ఇక్కడ జరగబోయేదీ ఒకటి కాదు.

అలాగని "అయితే భయమేముంది" అని దిగేయకండి. ఇలాంటి చోట్ల గొడవ ఎలా మొదలవుతుందో చెబుతాను. గొట్టంలోకి ఒక చిన్న అల తాలూకు నీళ్ళు వస్తాయి. అలవాటున్నవాడు 'ఫూ' అని ఒక్కసారి గట్టిగా ఊది బయటికి పంపేస్తాడు. అలవాటు లేనివాడి గొంతులో ఉప్పునీళ్ళు పడతాయి, దగ్గొస్తుంది, మాస్క్ పీకేస్తాడు, నిలబడదామని కాళ్ళు కిందకి వదులుతాడు, కింద నేల తగలదు. అప్పుడు చేతికి ఏది అందితే దాన్ని పట్టుకుంటాడు. మీ పక్కన ఉండేది మీ పాప. నాన్నకి ఈత వచ్చు అనుకుంటున్న పాప. మీరు పట్టుకుంటే పదకొండేళ్ళ పిల్ల ఆ బరువు ఆపలేదు. గైడుకి కూడా మీ సంగతి తెలియదు కాబట్టి, ఆ సమయానికి ఆయన 'ఈత రాదు' అని చెప్పిన ఇంకెవరి పక్కనో ఉంటాడు.

కాబట్టి మిమ్మల్ని నీళ్ళలో దిగమనీ అనను, దిగొద్దనీ అనను. ఈత వచ్చినట్టు నటిస్తూ దిగడం మాత్రం వద్దు. మిగిలిన దారులన్నిటికీ లాభం, నష్టం రెండూ ఉన్నాయి. అవి చెబుతాను, ఎంచుకోవడం మీ చేతిలో పని.

మీరనుకున్న కడుపునొప్పితో మొదలుపెడదాం. సులువైన దారే. ఆ రోజు గడిచిపోతుంది. కానీ దాన్ని కాసేపు సాగదీసి చూడండి. మీ ఆవిడ కూడా మీతోపాటు అబద్ధమాడాలి, లేదా మీ కోసం రూంలో ఉండిపోవాలి. పాప ఒకవేళ "నాన్న లేకపోతే నేనూ వెళ్ళను" అంటే మీ కడుపునొప్పి ఇంకా పెరుగుతుంది. వచ్చే ఏడాది ఇంకో ట్రిప్ ఉంటుంది, అప్పటికి ఇంకో జబ్బు వెతుక్కోవాలి. అన్నిటికంటే ముఖ్యం, మామగారి మీద కన్నేసి ఉంచడానికి ఆ బోటులో ఒక జాగ్రత్తపరుడు తగ్గుతాడు. నిజం చెప్పేసి, "నేను ఈ ఒక్కరోజు ఒడ్డునే ఉంటాను" అని మానేయడం వేరు. అది గౌరవంగానే ఉంటుంది, దాని జోలికి ఎవరూ రారు.

రెండో దారి బోటు ఎక్కడం, నీళ్ళలో మాత్రం దిగకపోవడం. రోజులో స్నార్కెలింగ్ జరిగేది కొద్దిసేపే. మిగతా సమయమంతా ప్రయాణం, దీవుల మీద నడక, ఇసుకలో కూర్చోవడం. అవన్నీ మీవే. ఒక్క చిక్కు ముందే తెలుసుకోండి. బోటు వెళ్తున్నప్పటి కంటే లంగరేసి ఆగినప్పుడు ఎక్కువ ఊగుతుంది. అందరూ నీళ్ళలోకి దిగాక ఖాళీ బోటులో కూర్చున్నవాళ్ళకే తరచూ కడుపులో తిప్పుతుంది. కన్ను ఒకటి చెబుతుంది, చెవి లోపల ఉండే సమతూకపు అవయవం ఇంకోటి చెబుతుంది, ఆ తేడా మెదడుకి పడదు. ఫోన్ చూడకుండా, దూరంగా ఆకాశం సముద్రం కలిసే గీత మీద చూపు నిలపడం, బోటు మధ్యలో గానీ వెనక వైపు గానీ కూర్చోవడం కాస్త ఆపుతాయి. వాంతులు రాకుండా వేసుకునే మాత్రలు బోటు ఎక్కడానికి చాలా ముందే, సుమారు గంట ముందు వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పని చేయవు. వాటిలో చాలావాటికి మగత వస్తుంది. మగతగా ఉన్నవాళ్ళు నీళ్ళలో దిగకూడదు. మామగారిలా వేరే మందులు వాడేవాళ్ళు డాక్టర్ని అడగకుండా వేసుకోకూడదు.

కొన్ని చోట్ల అడుగున అద్దం బిగించిన బోట్లు ఉంటాయి. మీ ట్రిప్‌లో అలాంటిది ఉందేమో కనుక్కోండి. నీళ్ళలో దిగినంత బాగా కనపడదు గానీ ముఖం తడవకుండా పగడాలు చూడొచ్చు.

మూడోది నాకు నచ్చిన దారి, అందుకే దీనికి ఎక్కువ చోటు ఇస్తున్నాను. బోటు మీంచి లోతు నీళ్ళలోకి దూకడం వేరు, దీవి ఒడ్డు నుంచి మెల్లగా నడుచుకుంటూ నీళ్ళలోకి వెళ్ళడం వేరు. మీరు రెండోదే చేయండి. అలలు లేని, ఇసుక మెల్లగా వాలుగా దిగే చోట, నడుం లోతులో నిలబడండి. జాకెట్ వేసుకునే ఉండండి. మాస్క్ పెట్టుకుని, గొట్టం నోట్లో పెట్టుకుని, కాళ్ళు నేల మీద ఉంచే ముఖం ఒక్కటే నీళ్ళలో పెట్టండి. ఊపిరి నెమ్మదిగా, బాగా లోతుగా, వదిలేటప్పుడు ఇంకా నెమ్మదిగా. హడావుడిగా చిన్న చిన్న ఊపిర్లు తీస్తే గొట్టంలో ఉండిపోయిన పాత గాలే మళ్ళీ లోపలికి వస్తుంది, అప్పుడు ఊపిరాడనట్టు అనిపించి భయం రెట్టింపవుతుంది. నేల తగులుతోందన్న ధైర్యంతో ఈ పని చేయగలిగితే, ఆ నడుం లోతులోనే చిన్న చేపలు మీ కాళ్ళ చుట్టూ తిరగడం చూస్తారు. అంతకంటే ముందుకి వెళ్ళాలనిపిస్తే గైడు ముందుండి లాక్కెళ్ళే తేలే రింగు ఉంటే, దాన్ని పట్టుకుని వెళ్ళొచ్చు. వెళ్ళాలనిపించకపోతే అక్కడే ఉండొచ్చు.

అయితే ప్రతి దీవిలోనూ ఇలాంటి చోటు ఉండదు. కొన్ని ట్రిప్పుల్లో స్నార్కెలింగ్ అంటే నడిసముద్రంలో ఆపి దిగమనడమే. కొందరు నిర్వాహకులు ఈత రానివాళ్ళని లోతులో దింపడానికి అసలు ఒప్పుకోరు, ఒప్పుకోకపోతే నేనైతే సంతోషిస్తాను. అందుకే ఈ వారమే తోడల్లుడి దగ్గర బుకింగ్ నంబర్ తీసుకుని మీరే మాట్లాడండి. ఒడ్డు నుంచి దిగే చోటు ఉందా, ఎంతమందికి ఒక గైడు, గైడు నీళ్ళలో మనతోపాటు దిగుతాడా లేక బోటు మీంచి చూస్తాడా, లాక్కెళ్ళే రింగు ఉందా, వాతావరణం బాగాలేకపోతే ట్రిప్ మార్చుకోవచ్చా. చివరిది చిన్న ప్రశ్నలా ఉంటుంది గానీ కాదు. డబ్బు పోతుందని గాలివానలో బయల్దేరేవాళ్ళు ఉంటారు. 2018 జులైలో థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ దగ్గర పర్యాటకుల బోటు తుఫాను గాలుల్లో మునిగి 47 మంది చనిపోయారు. ఆ పూట సముద్రం బాగాలేదని బోటువాళ్ళే అంటే, మీ తోడల్లుడు బతిమాలకుండా చూసుకోండి.

నాలుగోది, మీ దగ్గర రెండు నెలలున్నాయి. పెద్దవాళ్ళకి నేర్పే ఈత క్లాసులు ఉంటాయి. రెండు నెలల్లో మీరు తోడల్లుడిలా ఈదలేకపోవచ్చు, అది అక్కర్లేదు కూడా. నీళ్ళలో ముఖం పెట్టి బుడగలు వదలడం, బోర్లా తేలడం, అక్కడి నుంచి కాళ్ళు ముడిచి నిలబడడం, కంగారు పడితే వెల్లకిలా తిరిగి ఆకాశం చూస్తూ ఊపిరి తీసుకోవడం, ఈ నాలుగూ వస్తే చాలు. నేర్పేవాళ్ళకి మొదటిరోజే చెరువు సంగతి చెప్పండి. చెబితే వాళ్ళు మిమ్మల్ని తొందరపెట్టరు. ఇంట్లో కూడా మొదలుపెట్టొచ్చు. వెడల్పాటి గిన్నెలో నీళ్ళు పోసి, మాస్క్ పెట్టుకుని ముఖం ముంచి పదిసార్లు ఊపిరి పీల్చి వదలండి. మొదటి రెండుసార్లు గుండె దడదడలాడుతుంది, తర్వాత విసుగేస్తుంది. ఆ విసుగు వచ్చేదాకా చేయాలి. నీళ్ళ దగ్గరికి వెళ్ళగానే చెమటలు పట్టి, వణుకొచ్చేంత భయమైతే కౌన్సెలర్‌ని కలవండి. ఇలాంటి భయాల్ని మెట్టు మెట్టుగా తగ్గించే పద్ధతులు వాళ్ళ దగ్గర బాగానే ఉన్నాయి. ఈ దారిలో ఉన్న నష్టం ఒక్కటే. రెండు నెలలకి భయం పూర్తిగా పోకపోవచ్చు. పోకపోతే రెండో దారి ఎలాగూ ఉంది.

ఇప్పుడు పరువు సంగతి. మీరు దీన్ని అందరి ముందూ ప్రకటించనక్కర్లేదు. కొందరికి, ఒక వరసలో చెబితే చాలు.

ముందు పాపకి చెప్పండి, అదీ మీ ఇంట్లోనే, ట్రిప్‌కి చాలా ముందు. బోటులో అందరి మధ్యా తెలిస్తే అది తనకి చిన్నతనం. ఎందుకంటే మీ తరఫున పందెం కాసింది తనే. "అప్పుడు నాకు ఈత వచ్చని చెప్పాను గానీ, నాకు రాదురా. చిన్నప్పుడు ఒకసారి మునగబోయాను, అప్పటి నుంచి భయం" అని జరిగింది జరిగినట్టు చెప్పండి. పదకొండేళ్ళ పిల్లలు దీన్ని మనం అనుకున్నదానికంటే తేలిగ్గా తీసుకుంటారు. మీకు నేర్పుతానని బయల్దేరినా ఆశ్చర్యం లేదు. నేర్పనివ్వండి, కానీ పూల్‌లో, పక్కన ఇంకో పెద్దవాళ్ళు ఉన్నప్పుడు. సముద్రంలో మాత్రం మీ బాధ్యత ఆ పిల్ల మీద పెట్టకూడదు. పాపకి జంటగా దిగడానికి అమ్మో, పెదనాన్నో, గైడో ఉండాలని ముందే తేల్చండి. స్కూల్ పూల్‌లో ఈదిన పిల్లకి అలలు, ప్రవాహం కొత్త. జాకెట్ తనకీ కావాలి. జాకెట్ వేశాక భుజాల దగ్గర పట్టుకుని పైకి ఎత్తి చూడండి. చెవుల దాకా జారి వచ్చిందంటే అది తనకి పెద్దదైంది, ఇంకోటి అడగండి.

తోడల్లుడికి చెప్పడం మీకు అన్నిటికంటే కష్టంగా ఉంటుందని తెలుసు. తోడల్లుళ్ళ మధ్య లెక్కలు వేరు! ఆయనకి వార్త చెప్పడానికి వెళ్ళకండి, పని అప్పజెప్పడానికి వెళ్ళండి. "అన్నయ్యా, నాకు ఈత రాదు. పాప నీళ్ళలో ఉన్నంతసేపూ నువ్వు పక్కన ఉండాలి. నువ్వుంటే నాకు టెన్షన్ ఉండదు" అని చెప్పండి. బాగా ఈదేవాడికి ఆ ఈత ఉపయోగపడే పని దొరికితే గొప్పలకి తీరిక తగ్గుతుంది. ఒక జోక్ వేస్తాడు, వేయనివ్వండి. కానీ అదే నోటితో ఇంకో మాట కూడా ఖచ్చితంగా అనండి: "వెనక నుంచి తోయడం, కాళ్ళు లాగడం లాంటి సరదాలు నాతో వద్దు. చిన్నప్పుడు ఒకసారి జరిగింది." ఈ మాట నేల మీద ఉన్నప్పుడు అనాలి. బోటు అంచున నిలబడి అంటే సగం మందికి అది సవాలులా వినిపిస్తుంది.

గైడుకి చెప్పడం అన్నిటికంటే సులువు. బోటెక్కేటప్పుడే పక్కకి పిలిచి "నాకు ఈత రాదు, నీళ్ళంటే భయం, ఒడ్డు దగ్గరే ఉంటాను" అని చెబితే సరిపోతుంది. బయల్దేరేముందు గైడు చెప్పే సూచనలు అందరూ ఫొటోల గొడవలో పడి వదిలేస్తారు, మీరు వినండి. ముఖ్యంగా చేతి సైగలు. స్నార్కెలింగ్‌లో చేయి పైకెత్తి అటూ ఇటూ ఊపితే 'హాయ్' కాదు, 'కాపాడండి' అని అర్థం. బోటు మీదున్న అమ్మమ్మకి టాటా చెబుదామని మీ పాప చేయి ఊపితే గైడు ఈదుకుంటూ వచ్చేస్తాడు. బాగానే ఉన్నానని చెప్పడానికి చేతిని వంచి వేళ్ళు నడినెత్తి మీద ఆనించాలి. ఇది పిల్లలిద్దరికీ ఆటలా నేర్పించండి.

నీళ్ళలో దిగని మనిషికి బోటు మీద అసలైన పని ఒకటుంటుంది, తలలు లెక్కపెట్టడం. ఎంతమంది దిగారు, ఎంతమంది ఎక్కారు. గైడు ఎలాగూ లెక్కపెడతాడు, మీరూ పెట్టండి. 1998 జనవరిలో ఆస్ట్రేలియాలో గ్రేట్ బ్యారియర్ రీఫ్ అనే పగడాల దిబ్బల దగ్గర ఇద్దరు డైవర్లని నీళ్ళలోనే వదిలేసి బోటు తిరిగొచ్చేసింది. వాళ్ళు రాలేదన్న సంగతి రెండు రోజులకి గానీ ఎవరికీ తట్టలేదు, వాళ్ళు మళ్ళీ దొరకలేదు. పైనుంచి చూసేవాడికి నీళ్ళలో ఉన్నవాడికంటే ఎక్కువ కనపడుతుంది. ఎవరు గుంపు వదిలి ప్రవాహంతో పక్కకి పోతున్నారో, ఎవరు చాలాసేపటి నుంచి కదలకుండా బోర్లా ఉన్నారో మీకు ముందు తెలుస్తుంది.

ఇప్పుడు మామగారు. నీళ్ళలోకి దిగగానే కాళ్ళలోని రక్తం కొంత ఛాతీ వైపు చేరుతుంది, గుండెకి పని పెరుగుతుంది. నీళ్ళు చల్లగా ఉంటే బీపీ ఇంకా పెరుగుతుంది. గొట్టంలోంచి గాలి లాగడం మామూలు ఊపిరి కంటే బరువైన పని. అలలకి ఎదురు ఈదితే ఇవన్నీ ఒకేసారి మీద పడతాయి. హవాయిలో నీట మునిగి చనిపోయే పర్యాటకుల్లో స్నార్కెలింగ్ చేస్తున్నవాళ్ళే ఎక్కువ. అక్కడ దీనిమీద ప్రత్యేకంగా అధ్యయనం చేసినవాళ్ళు ఒక సంగతి గమనించారు. వీళ్ళలో చాలామంది నీళ్ళు మింగి కాకుండా, ఊపిరితిత్తుల్లోకి ఒంట్లోని ద్రవమే చేరి ఊపిరందక పోయి ఉండొచ్చని. అరుపులు, చేతులు కొట్టుకోవడం ఏమీ ఉండవు. ఈత బాగా వచ్చినవాళ్ళు కూడా ఉంటారు. అందుకే చిన్నప్పటి బావి ఈత ఇక్కడ లెక్కలోకి రాదు. ఆ బావిలో దూకిన గుండెకి స్టెంట్ లేదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో స్నార్కెలింగ్‌కి తీసుకెళ్ళేవాళ్ళు ముందే ఆరోగ్య వివరాలు రాయించుకోవాలి, గుండె జబ్బుల్లాంటివి ఉన్నవాళ్ళకి తేలే సాధనం ఇచ్చి, తోడుగా ఒకరిని పెట్టాలి అన్న నియమాలున్నాయి. మీరు వెళ్ళేచోట అడిగినా అడగకపోయినా, ఆయన విషయంలో అది మీ ఇంటి నియమం కావాలి.

ఎవరు చెప్పాలి? మీరు కాదు. అల్లుడు చెబితే మామగారు పట్టుదలకి పోతారు. మీ ఆవిడా వాళ్ళ అక్కా కలిసి ఆయన్ని గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. మామూలు చెకప్ పేరుతో తీసుకెళ్ళి అక్కడ ఇరికించకుండా, "సముద్రంలో స్నార్కెలింగ్ చేయొచ్చా అని అడగడానికి" అని చెప్పే తీసుకెళ్ళాలి. డాక్టరు వద్దంటే మాట అయిపోయింది. సరేనంటే, జాకెట్‌తో, తోడుతో, ప్రవాహం లేని ఒడ్డు దగ్గర, కొద్దిసేపు. దగ్గు, ఆయాసం, కాళ్ళలో సత్తువ పోయినట్టు అనిపించడం, వీటిలో ఏది వచ్చినా మాస్క్ తీసి, వెల్లకిలా తిరిగి, చేయి ఊపి, వెంటనే బయటికి. ముఖం మొత్తం కప్పే మాస్క్‌లు ఈమధ్య ఎక్కువగా కనపడుతున్నాయి. వాటిలో ఊపిరాడకపోతే నోట్లోంచి గొట్టం ఉమ్మేసినంత సులువుగా బయటపడలేం, కాబట్టి ఆయనకీ మీకూ వద్దు.

ఒక చిన్న ఉపాయం. మీరు జాకెట్ ముందే, బాహాటంగా వేసుకోండి. "అల్లుడుగారి కోసం నేనూ వేసుకుంటాలే" అనే అవకాశం ఆయనకి దొరుకుతుంది. పెద్దమనుషులకి దిగిరావడానికి ఒక నెపం కావాలి, మీ భయం ఆయనకి అలా పనికొస్తుంది.

నీళ్ళలో ఒక్క విషయం మీకు ప్రత్యేకంగా. భయపడినవాడు ముందు వెతికేది కాలు మోపే చోటు. కింద కనిపించే రాయిలాంటిది చాలాసార్లు రాయి కాదు, పగడం, అంటే ప్రాణమున్న జీవుల గుంపు. గుండ్రటి పగడాలు ఏడాదికి సెంటీమీటరు కూడా పెరగనివి చాలా ఉంటాయి. మీరు నిలబడితే అదీ విరుగుతుంది, మీ కాలూ కోసుకుంటుంది, ఆ గాయాలు త్వరగా మానవు. అందుకే ఇసుక ఉన్న చోటే మీకు తగిన చోటు అంటున్నాను. ఎండకి క్రీములు రాసుకునే బదులు పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకోండి, వీపు, మెడ బోర్లా తేలేటప్పుడు బాగా మాడతాయి. కొన్ని క్రీముల్లోని రసాయనాలు పగడాలకి చేటని పసిఫిక్ సముద్రంలోని పలావు దేశం 2020లో, హవాయి 2021లో వాటి అమ్మకాన్ని ఆపేశాయి.

ఇక మీ కొసరు ప్రశ్న. కళ్ళద్దాలు మాస్క్ లోపల పట్టవు, కాడలు అడ్డొచ్చి అంచుల్లోంచి నీళ్ళు వస్తాయి. నీళ్ళలో వస్తువులు ఉన్నదానికంటే మూడో వంతు పెద్దగా, కాస్త దగ్గరగా కనపడతాయి గానీ మైనస్ మూడుకి అది చాలదు. పవర్ అద్దాలు బిగించిన మాస్క్‌లు దొరుకుతాయి. నిర్వాహకులని అడగండి, వాళ్ళ దగ్గర లేకపోతే ఒకటి కొనుక్కోండి. పూల్‌కీ పనికొస్తుంది. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుంటే ఒక్కరోజు వాడి పారేసేవే పెట్టుకుని, బయటికి రాగానే తీసేయండి. మాస్క్ సరిపోయిందో లేదో తెలియాలంటే పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లోపలికి లాగండి, చేయి వదిలినా అతుక్కుని ఉండాలి. మీసం ఉన్నవాళ్ళకి అతుక్కోనిది ముక్కు కింద. మొత్తం తీసేయనక్కర్లేదు, మాస్క్ అంచు ఆనే ఆ సన్నటి గీత మేరకు పైనుంచి కత్తిరిస్తే సరిపోతుంది. అదీ మొదటి పూల్ క్లాసుకి ముందే చేయండి, లేకపోతే నీళ్ళు వస్తున్నది మాస్క్ తప్పో మీసం తప్పో తేలదు.